కార్మిల్లాని ప్రేమకథగా రాస్తున్నాను, తప్పు చేస్తున్నానా?

ప్రశ్న: జోసెఫ్ షెరిడన్ లె ఫాను రాసిన రక్తపిశాచి కథ ‘కార్మిల్లా’ని తిరిగి రాస్తున్నాను. అందులో లారా అనే అమ్మాయి ఇంటికి అతిథిగా వచ్చిన కార్మిల్లాయే ఆ రక్తపిశాచి. లారా, కార్మిల్లా నిజంగానే ఒకరినొకరు ప్రేమించుకున్నట్టు, చివరికి ఇద్దరూ మిగిలినట్టు నా కథ. ఆస్ట్రియాలోని స్టిరియాలో ఉన్న ఆ కోటలోనే, ఆ కాలంలోనే ఉంచాను. సగం పైన అయ్యాక ఇద్దరు స్నేహితులకి చదవమని ఇచ్చాను. ఒకామె, తనూ అమ్మాయిలనే ప్రేమించే మనిషి, “మనల్ని మళ్లీ రక్తం తాగేవాళ్లుగానే చూపిస్తావా?” అని బాధపడింది. ఇంకొకతనేమో “భయమంతా తీసేశావు, చీకటి, భయం నిండిన గోథిక్ కథల తీరు ఇక ఇందులో ఏముంది?” అన్నాడు. ఇద్దరి మాటా నిజమే అనిపించి అక్కడే ఆగిపోయాను. పైగా నా లారా బొమ్మలా ఉంది. అన్నీ ఆమెకి జరుగుతాయే గానీ ఆమె ఏమీ చేయదు. కార్మిల్లా చంపిన ఆడపిల్లల సంగతి ఏం చేయాలో తెలియక ఆ చావులన్నీ తీసేశాను. ముగింపు మార్చే హక్కు నాకుందా? ఎవరి అనుమతైనా తీసుకోవాలా? తలుచుకుంటేనే టెన్షన్‌గా ఉంది.
– పేరు వద్దన్న పాఠకురాలు

సమాధానం: అనుమతి సంగతి ముందు చెప్పేస్తాను, అది చిన్నదే. ‘కార్మిల్లా’ 1871 చివర్లో మొదలై 1872 మొదటి నెలల దాకా ‘ది డార్క్ బ్లూ’ అనే పత్రికలో సీరియల్‌గా వచ్చింది. ఆ ఏడాదే లె ఫాను కథల సంపుటిలో చేరింది. ఆయన 1873లో చనిపోయారు. రచయిత పోయాక 60 ఏళ్లు లెక్కపెట్టే దేశాల్లోనైనా, 70 ఏళ్లు లెక్కపెట్టే దేశాల్లోనైనా ఆ గడువు ఎప్పుడో దాటిపోయింది. మీరు ఎవరినీ అడగక్కర్లేదు. ఒక్క జాగ్రత్త మాత్రం తీసుకోండి. ఆ కథ మీద తర్వాత వచ్చిన సినిమాలు, వెబ్ సిరీస్‌లు, కొత్త అనువాదాలు ఎవరివి వాళ్లవే. వాటిలో కొత్తగా కల్పించిన పాత్రలు, సంభాషణలు మీ పుస్తకంలోకి రాకూడదు. 1872 నాటి మూలాన్నే పక్కన పెట్టుకుని రాయండి.

ఇక మీ కలం ఎందుకు ఆగిందో చూద్దాం. మీ స్నేహితులిద్దరూ ఎదురెదురు మాటలు చెబుతున్నట్టే ఉంది గానీ, ఇద్దరికీ ఒకే లోటు తగిలిందని నా నమ్మకం. మూలకథలో ప్రేమ కావలసినంత ఉంది. ఒక్కటే లేదు: తనకేం జరుగుతోందో లారాకి తెలియదు. ఆమెకి తెలియనంత కాలం కార్మిల్లా ఎంత తీయగా మాట్లాడినా అది వేటగానే ఉంటుంది. అందుకే మీ స్నేహితురాలికి బాధ కలిగింది. మీరేమో ఆ వేటని చూపించడం ఇష్టంలేక కోరలు పీకేశారు. అందుకే మీ స్నేహితుడికి చప్పగా అనిపించింది. లారాకి నిజం తెలియనివ్వండి. తెలిశాక ఏం చేయాలో ఆమెనే తేల్చుకోనివ్వండి. మిగతా చిక్కుముళ్లు చాలావరకు అక్కడే విడిపోతాయి.

డాక్టర్ వచ్చే ఘట్టం ఒకసారి మళ్లీ చదవండి. లారా రోజురోజుకీ నీరసించిపోతుంటే తండ్రి డాక్టర్‌ని పిలిపిస్తాడు. ఆమె గొంతుకి కాస్త కింద చిటికెన వేలి కొన అంత నీలం మచ్చ కనిపిస్తుంది. మచ్చ ఉందని మాత్రం చెబుతారు. దాని అర్థమేమిటో డాక్టరూ తండ్రీ విడిగా మాట్లాడుకుంటారు. ఒళ్లు లారాది, ప్రాణం లారాది, కబురు మాత్రం ఇంకొకరిది. 16 అధ్యాయాల ఆ చిన్న నవలలో పదో అధ్యాయం నుంచి కథ దాదాపుగా లారా తండ్రి స్నేహితుడు జనరల్ స్పీల్స్‌డార్ఫ్ చేతిలోకి వెళ్లిపోతుంది. తన ఇంట్లో పెరిగిన బెర్తా ఎలా చనిపోయిందో ఆయన చెబుతూ పోతాడు, లారా పక్కన కూర్చుని వింటుంది. పాడుబడ్డ చర్చిలో కార్మిల్లా కనిపించేసరికి ఆయన గొడ్డలి ఎత్తేశాడు. మర్నాడు సమాధి తవ్వి, గుండెలో మేకు దించి, తల నరికి, కాల్చి, బూడిద నదిలో కలిపారు. అదంతా లారా తన కళ్లతో చూసింది కాదు. అధికారుల సంతకాలున్న నివేదిక చూసి మనకి చెబుతుంది. తనని అంతగా కదిలించిన మనిషి చావుని ఆమె ఒక ప్రభుత్వ కాగితంలో చదువుకోవలసి వచ్చింది. ఆ పుస్తకంలో నన్ను అన్నిటికన్నా ఎక్కువ బాధపెట్టేది ఇదే. దీన్ని సరిచేయడానికే అయినా మీ నవల ఉండాలి.

మరి నిజం ఎక్కడ బయటపడాలి? దానికి తగిన చోటు లె ఫానుయే సిద్ధం చేసి పెట్టారు. ఒక రాత్రి చీకట్లో ఒక గొంతు, హంతకుల విషయంలో జాగ్రత్త అని మీ అమ్మ హెచ్చరిస్తోందని లారాతో అంటుంది. అదే క్షణంలో వెలుగు వచ్చి, మంచం చివర తెల్లని రాత్రి దుస్తుల్లో, గడ్డం నుంచి పాదాల దాకా నెత్తురోడుతూ కార్మిల్లా కనిపిస్తుంది. లారా కేక వేసి లేస్తుంది. లేవగానే ఆమెకి ఏమనిపించిందో గమనించారా? కార్మిల్లా తనని చంపుతోందని ఆమె అనుకోలేదు. కార్మిల్లానే ఎవరో చంపేస్తున్నారు అనుకుంది. ఆమెని కాపాడటానికి పరుగెత్తింది. తలుపు కొట్టింది, పలకలేదు. నౌకర్లని పిలిచి గడియ పగలగొట్టించింది. గది ఖాళీ.

మీ లారా బొమ్మ కాదనడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? ప్రాణం మీదికి వచ్చిన వేళ ఆమె మొదటి ఆలోచన తనని తాను కాపాడుకోవడం గురించి కాదు. ఈ ఘట్టాన్ని పట్టుకోండి. మూలంలో కార్మిల్లా మర్నాడు మధ్యాహ్నం ఒంటిగంట ప్రాంతంలో తన గదిలోనే డ్రెస్సింగ్ టేబుల్ దగ్గర కనిపిస్తుంది. తండ్రి వచ్చి, నిద్రలో నడిచి ఉంటుందని తేల్చి అందరినీ ఊరడిస్తాడు. మీరు ఆ తండ్రిని గదిలోకి రానివ్వకండి. అందరినీ పంపేసి ఆ ఖాళీ గదిలో లారా ఒక్కతే కూర్చోవాలి. తెల్లవారాలి. వేసిన తలుపు వేసినట్టే ఉండగా కార్మిల్లా లోపలికి రావాలి. ఎదురుగా లారా మేలుకుని ఉండాలి. ఆ తర్వాత ఇద్దరిలో ఎవరూ నటించడానికి వీల్లేదు. మీ నవలకి నడుమ నిలబడే అధ్యాయం ఇదేనని నాకు గట్టిగా అనిపిస్తోంది.

దానికి ముందు కూడా లారా చేతులు ముడుచుకుని కూర్చోలేదు. కార్మిల్లా జుట్టు గురించి ఆమె చెప్పే మాటలు గుర్తు తెచ్చుకోండి. ఆ జుట్టు కింద చేతులు పెట్టి బరువు చూసి నవ్వుకోవడం, ముడి విప్పి జారిపడుతుంటే చూడటం, మడిచి జడ వేసి మళ్లీ విప్పి ఆడుకోవడం. ఇవన్నీ లారా చేస్తోంది, ఆమెకి ఎవరూ చేయడం లేదు. లారా కోరికకి రాతలో దొరికే మొదటి ఆధారం అది. అక్కడి నుంచి మొదలుపెట్టండి. ఆమె ఏమేం గమనిస్తోంది, ఏ వంకతో దగ్గరికి వెళుతోంది, ఒంటిగంట దాకా గది బయటికి రాని స్నేహితురాలి కోసం పొద్దున్నంతా ఎలా గడుపుతోంది, ఇవి రాయండి. ప్రేమించే మనిషికి కళ్లు ఎప్పుడూ ఖాళీగా ఉండవు. లారా కళ్లతో ఎంత చూపిస్తే ఆమె అంత బతుకుతుంది.

అలాగని ఆమెలోని వెగటు తీసేయకండి. కార్మిల్లా దగ్గరికి తీసుకున్నప్పుడు తనలో ఆరాధనా అసహ్యమూ రెండూ పెరుగుతున్నట్టు లారాయే ఒప్పుకుంటుంది. తిరగరాసేవాళ్లు చాలామంది మొదట చెరిపేసేది ఈ రెండోదాన్నే. నేనైతే దాన్ని రెండుగా విడదీస్తాను. ఒకటి, ఒక స్త్రీ మీద తనకి ఇంత మోహం ఎలా కలుగుతోందన్న భయం. 19 ఏళ్లు వచ్చేదాకా అలాంటిది ఒకటుంటుందని కూడా వినలేదు ఆమె. మగపిల్లాడెవరైనా మారువేషంలో వచ్చాడేమో అని కూడా అనుకుంటుంది పాపం. రెండోది, చచ్చిపోతున్నానన్న భయం. మొదట్లో రెండూ ఒకటిగా కలిసిపోయి ఉంటాయి. ఏది ఏదో లారా విడదీసుకుంటూ రావడమే ఆమె ఎదుగుదల. మొదటి భయం కరిగిపోవాలి. రెండోది ఎప్పటికీ పూర్తిగా పోకూడదు. గోథిక్ ఏదని అడిగిన మీ స్నేహితుడికి సమాధానం ఈ రెండో భయమే.

ఇక్కడ ఒక సున్నితమైన విషయం ఉంది. లారాకి ఆరేళ్లప్పుడు ఒక రాత్రి ఒక అందమైన యువతి మంచం పక్కన కనిపించి, జోకొట్టి, పక్కన పడుకుంటుంది. గుండెల్లో రెండు సూదులు దిగినట్టయి పిల్ల ఏడుస్తుంది. కొన్నేళ్ల తర్వాత వచ్చిన కార్మిల్లాది అదే ముఖం. మీరు ప్రేమకథ రాస్తున్నారు కాబట్టి ఈ ఘట్టాన్ని ఉన్నదున్నట్టు ఉంచకూడదు. పసిపిల్ల మీద వాలిన ఆకలిని, పెద్దయ్యాక పుట్టిన ప్రేమకి తొలి అధ్యాయంగా ఏ పాఠకురాలూ ఒప్పుకోదు, ఒప్పుకోకూడదు కూడా. దారి మూలంలోనే ఉంది. తనకీ చిన్నప్పుడు అలాంటి కలే వచ్చిందని, ఆ కలలో లారా ఇప్పుడున్నట్టే ఎదిగిన అమ్మాయిగా కనిపించిందని కార్మిల్లా అంటుంది. మూలంలో అది అబద్ధమే అయ్యుండచ్చు. మీ నవలలో దాన్నే నిజం చేయండి. మనిషిగా బతికి ఉన్న రోజుల్లో మిర్కల్లా (కార్మిల్లా అసలు పేరు అదే) ఒక కల కన్నది. అందులో ఎదిగిన లారాని చూసింది. ఆరేళ్ల పిల్ల గది జోలికి వెళ్లకండి.

రాత్రి కాట్ల సంగతీ అంతే. నిద్రలో ఉన్న మనిషి రక్తం తీసుకోవడం దాడి. ఎంత అందంగా వర్ణించినా అది మారదు. మీ కథలో మొదటి కాట్లు అలాగే జరిగి ఉండచ్చు, దాచకండి. కానీ ఖాళీ గదిలో ఇద్దరూ ఎదురుపడిన రోజు నుంచి నిద్రలో ఒక్కటి కూడా ఉండకూడదు. కార్మిల్లా అడగాలి. లారా వద్దు అనాలి. వద్దన్నాక ఏం జరుగుతుందో పాఠకులు బిక్కుబిక్కుమంటూ చూడాలి. ఆకలితో ఉన్నా కార్మిల్లా లేచి బయటికి వెళ్లిపోయే రాత్రి ఒకటి రాయండి. ముద్దు సన్నివేశాలు ఎన్ని రాసినా ఆ రాత్రి ఇచ్చినంత నమ్మకం ఇవ్వవు.

మీ స్నేహితురాలి బాధ దగ్గరికి వస్తాను. ఆమె అన్నది తేలిగ్గా తీసుకోవలసిన మాట కాదు. లె ఫాను కథలో స్త్రీ మీద స్త్రీ ప్రేమ ఒక జబ్బులాగే నడుస్తుంది. డాక్టర్, తండ్రి, జనరల్, చివర్లో ఆమె సమాధి కనిపెట్టే బారన్, ఇంతమంది మగవాళ్లు కలిసి దానికి వైద్యం చేస్తారు. తర్వాత కూడా ఈ ధోరణి చాలాకాలం సాగింది. 1950ల్లో అమెరికాలో చవక పేపర్‌బ్యాక్‌లుగా వచ్చిన లెస్బియన్ నవలలకి విషాదాంతమే ఉండాలని ప్రచురణకర్తలు పట్టుబట్టేవారు. ప్రేమించుకున్న ఆడవాళ్లు సుఖంగా మిగిలితే పోస్టల్ అధికారులు పుస్తకాలని ఆపేస్తారన్న భయం ఉండేది. అక్కడి సినిమాలకైతే 1934 నుంచి 1968 దాకా గట్టి నియమావళే ఉండేది. అందులో చాలాకాలం ఇలాంటి ప్రేమని చూపడమే కుదిరేది కాదు. తెర మీద అలాంటి ఛాయ ఉన్న స్త్రీ కనిపించిందంటే రక్తపిశాచిగానో, పిచ్చిదిగానో, చివరికి చచ్చేదిగానో కనిపించేది. మీ స్నేహితురాలు ఇవన్నీ చూస్తూ పెరిగిన పాఠకురాలు. మీ పుస్తకంలో స్త్రీలని ప్రేమించే ఒకే ఒక్క స్త్రీ రక్తం తాగేది అయితే, మీరు వద్దనుకున్నా ఆ పాత లెక్కే మిగులుతుంది.

అందుకని పుస్తకంలో ఇంకో జంటని ఉంచండి. లారా ఇంట్లోనే ఉన్నారు వాళ్లు, ఆమెని చూసుకుంటూ చదువు చెప్పే ఇద్దరు గవర్నెస్‌లు. బెర్న్ నుంచి వచ్చిన మదాం పెరొడాన్, చదువు మెరుగులు దిద్దడానికి వచ్చిన మదమొజెల్ ద లాఫొంతేన్. మూలంలో వాళ్లకి పెద్ద పనేమీ లేదు. భోజనాల బల్ల దగ్గర మాట్లాడతారు, వెన్నెల చూసి నిట్టూరుస్తారు, భయపడతారు. అడవి నడుమ ఆ ఒంటరి కోటలో ఒకే పిల్లని పెంచుతూ ఏళ్లు గడిపిన ఇద్దరు ఆడవాళ్లు వాళ్లు. ఒకరి శాలువా ఒకరు సర్దుతూ, ఒకరి అలవాట్లు ఒకరికి తెలిసి, ఏ అరుపులూ లేకుండా ఒకరికొకరు తోడుగా బతుకుతున్నారని చూపించండి. మామూలు మనుషులు, మామూలు ప్రేమ. లారాకి మొదట అర్థం కాదు. తనకే మనసు కదిలాక ఒక సాయంత్రం వాళ్లిద్దరినీ చూసి అర్థమవుతుంది. అప్పుడు కార్మిల్లాలో భయపెట్టేది ఆమె ఆకలేనని, ఆమె ప్రేమ కాదని పాఠకులకి మీరు విడిగా చెప్పక్కర్లేదు.

చావులు తీసేశానన్నారు. దయచేసి వెనక్కి తెచ్చి పెట్టండి. ఈ విషయంలో నేను కాస్త మొండిగానే ఉంటాను. లారా, కార్మిల్లా చెట్ల కింద కూర్చుని ఉండగా ఒక శవయాత్ర సాగుతుంది. పోయింది అడవి కాపలాదారు కూతురు. అందరూ కీర్తన పాడుతుంటే లారా కూడా గొంతు కలుపుతుంది. కార్మిల్లా చెవులు మూసుకుంటుంది, చిరాకు పడుతుంది. పోయిన పిల్ల ఎవరని మాట వస్తే, పల్లెటూరి రైతుల గురించి తాను పట్టించుకోనని అంటుంది. ఆకలికి తోడు కౌంటెస్ గర్వం కూడా ఉంది ఆ మాటలో. తనకి నచ్చిన ఒక్కరినీ నెమ్మదిగా, మర్యాదగా దగ్గర చేసుకోవడం, మిగతావాళ్లని పేరు కూడా తెలుసుకోకుండా ఒక్క రాత్రిలో ముగించడం. రక్తపిశాచులు ఇలా రెండు రకాలుగా ప్రవర్తిస్తాయని లె ఫానుయే చివర్లో వివరిస్తారు. కొందరి విషయంలో ప్రేమని పోలిన ఆవేశం వాటికి కలుగుతుందని కూడా రాస్తారు. మీరు ఆ పోలికకి ప్రాణం పోయబోతున్నారు. సరే, మరి ఆ మిగతావాళ్ల మాటేమిటి? కాపలాదారు కూతురికి పేరు పెట్టండి. లారాకి ఆమెతో పరిచయం ఉంచండి. ఎవరు చనిపోయారో కార్మిల్లా నోటితో పలికేలా చేయండి, ఎంత ఆలస్యంగానైనా సరే.

అన్నిటికన్నా బరువైన పేరు బెర్తా. లారా ఆమె రాక కోసం వారాల తరబడి ఎదురుచూసింది. ఒంటరి ఇంట్లో ఒక స్నేహితురాలు దొరుకుతుందని కలలు కన్నది. వచ్చింది బెర్తా చావు కబురు. అదే రాత్రి గుర్రపు బండి తిరగబడి కార్మిల్లా ఇంట్లోకి వచ్చింది. మిల్లార్కా అనే పేరుతో బెర్తా పక్కన చేరి, ఆమెని మురిపించి, చంపింది ఈ మనిషే. లారా ఒక ప్రశ్న అడిగి తీరాలి: “నాతో చెప్పిన మాటలే బెర్తాతో కూడా చెప్పావా?” ఈ ప్రశ్నకి కార్మిల్లా ఏం చెబుతుందో నేను చెప్పను, మీరే తేల్చాలి. కానీ ఆమె నిజమే చెప్పాలి. అవునంటే ప్రేమ మీద నమ్మకం పోతుంది. కాదంటే బెర్తాని ఏ ప్రేమా లేకుండానే చంపిందని తేలుతుంది. ఎటు చెప్పినా లారా తట్టుకోవడం కష్టం. దాన్ని తట్టుకుని నిలిచిన ప్రేమనే పాఠకులు నమ్ముతారు. ఈ హత్యలన్నీ వేరే పిశాచి చేసిందని తోసేసే తేలిక దారి ఒకటుంది, అటు వెళ్లకండి. కార్మిల్లా చేతులు కడిగేస్తే లారా క్షమించడానికి గానీ, క్షమించలేకపోవడానికి గానీ ఏమీ మిగలదు.

కార్మిల్లా గాయం వేరు, దానికి చోటివ్వండి. తన మొదటి నాట్యవేడుక రాత్రి గురించి ఒకసారి ఆమె నోరు జారుతుంది. ఆ రాత్రి పడకలోనే తన ప్రాణం పోయేంత పనయిందని, గుండె మీద గాయమైందని, అది ఒక వింత, క్రూరమైన ప్రేమ అని అంటుంది. తను కూడా ఒకప్పుడు అడగకుండా కాటు పడిన పిల్లే. అయితే ఆమె బాధని బెర్తా చావుకి సంజాయిషీగా వాడకండి, పక్కన పక్కన ఉంచండి చాలు. పేర్ల నియమం కూడా మీకు బాగా పనికొస్తుంది. మిర్కల్లా, మిల్లార్కా, కార్మిల్లా. తన అసలు పేరు మిర్కల్లాలోని ఇంగ్లీషు అక్షరాలనే అటూ ఇటూ మార్చుకోవాలి తప్ప ఒక్క అక్షరం వదలడానికీ కలపడానికీ లేదు. ఎన్ని అబద్ధాలు ఆడినా పేరు దగ్గర ఆమె పూర్తిగా అబద్ధం ఆడలేదు. గోడకున్న 1698 నాటి పాత చిత్రాన్ని శుభ్రం చేసినప్పుడు ఆ పేరుని లారాయే తన నోటితో చదివి, అక్షరాలు తానే కలుపుకుంటే ఎంత బాగుంటుంది.

ఆమెని లారా ఇంట్లో వదిలి, మూడు నెలల్లో వస్తానని చెప్పి వెళ్లిపోయిన ‘తల్లి’ ఎవరో మూలంలో ఎక్కడా తేలదు. మీకు దొరికిన పెద్ద ఖాళీ అది. నింపాలా వద్దా అన్నది మీ ఇష్టం. ఆ మూడు నెలల గడువుని మాత్రం వాడుకోండి, ప్రేమకి గడియారం దొరుకుతుంది. ఎండ గురించి టెన్షన్ పడకండి. ఎండ తగిలితే రక్తపిశాచి చచ్చిపోతుందన్నది 1922 నాటి ఒక మూకీ సినిమా తెచ్చిపెట్టిన నియమం. లె ఫాను కార్మిల్లా నీరసంగానైనా పగలు తోటలో తిరుగుతుంది.

ముగింపుకి వద్దాం. ఇద్దరినీ మిగల్చాలనుకుంటున్నారు, అది మీ హక్కు. అలాగని వర్షం వెలిసినట్టు అంతా సర్దుకుపోతే మీ స్నేహితుడు మళ్లీ అదే మాట అంటాడు. దారి కోసం మూలంలోని చివరి అధ్యాయాలు చూడండి. సమాధి ఎక్కడుందో కనిపెట్టిన బారన్ వోర్డెన్‌బర్గ్‌కి ఆ రహస్యం ఎలా తెలిసింది? ఆయన పూర్వీకుడు ఒకరు మిర్కల్లాని బతికుండగా ప్రేమించాడు. ఆమె పిశాచి అయిందని జనం సమాధి తవ్వి శరీరాన్ని ఛిద్రం చేస్తారన్న భయంతో, దాన్ని అక్కడి నుంచి తీసేశామని నమ్మించి ఆనవాళ్లు చెరిపేశాడు. ముసలితనంలో పశ్చాత్తాపపడి గుర్తులు రాసిపెట్టాడు. ఆమె మీద ప్రేమతో సమాధి దాచిన మగవాడు ఒకడు ఆ కథలోనే ఉన్నాడు. అతన్ని కథ పెద్దగా తిట్టదు కూడా. అదే పని లారా చేస్తే?

ఆ రాతలు లారా చేతికి ముందే అందాయనుకోండి. జనరల్, తండ్రి, బారన్, అధికారులు వచ్చి రాయి ఎత్తేసరికి సమాధి ఖాళీ. ఎవరు తీశారో తండ్రికి ఒక్కడికే అనుమానం వస్తుంది, ఆయన కూతురి ముఖం వైపు చూడలేకపోతాడు. ఇది మూలం నుంచే పుట్టిన ముగింపు, మీరు బయటి నుంచి తెచ్చి అతికించింది కాదు. దీనికి ధర కూడా ఉంది. రక్తపిశాచి ప్రతిరోజూ తన సమాధిలో నిద్రపోతేనే నిలుస్తుంది. అంటే లారా ఎక్కడికి వెళ్లినా ఒక సమాధిని మోసుకెళ్లాలి, దాచాలి, కాపలా కాయాలి. ఆ ఆకలికి ఏర్పాటు ఏమిటో ప్రతిరోజూ ఇద్దరూ మాట్లాడుకోవాలి. తండ్రి ఇల్లు పోతుంది. బెర్తాకి న్యాయం జరగలేదన్న బాధ లారాతోనే ఉంటుంది. జనరల్ దుఃఖం న్యాయమైనదే, ఆయన్ని దుర్మార్గుడిగా చేయకండి.

లారాని కూడా రక్తపిశాచిగా మార్చేసి సుఖాంతం చెప్పాలని అనిపిస్తుంది, చాలామందికి అనిపించింది. నేను తొందరపడవద్దంటాను. మనిషిగా ఉంటూనే ఆమె ఎంచుకుంటే ఆ ఎంపికకి రోజూ విలువ ఉంటుంది. అంతగా కావాలంటే సంపుటిలోని చిన్న ముందుమాటని వాడుకోండి. ఈ కథ రాసిన ఆవిడ ఆ తర్వాత చనిపోయారని అందులో ఉంది. చనిపోయారని ఎవరు చెప్పారు, ఎవరు నమ్మారు అన్నది మీ పాఠకుల ఊహకి వదిలేయండి.

ఇప్పుడు మళ్లీ మొదటి పేజీ నుంచి దిద్దుకుంటూ కూర్చోకండి, మళ్లీ ఆగిపోతారు. ముందు ఖాళీ గది అధ్యాయం రాయండి, ఆ వెంటనే బెర్తా గురించిన ప్రశ్న రాయండి. ఆ రెండింటిలో లారా ఎలా మాట్లాడుతుందో వింటే ముందు భాగంలో ఆమె నోట ఏ మాటలు ఉండకూడదో మీకే తెలుస్తుంది. తర్వాత శవయాత్ర, ఆ తర్వాత ఇద్దరు గవర్నెస్‌ల సాయంత్రం. అవి పూర్తయ్యాక మీ స్నేహితురాలికే మొదట చూపించండి. బాగుందా అని అడగకండి. ఏ చోట తనకి మళ్లీ నొప్పి కలిగిందో గీత గీసి ఇమ్మని అడగండి.